మళ్ళీ చూసిన మహాభారత్

బి.ఆర్. చోప్రా నిర్మించిన ‘మహాభారత్’ 1988-90 నడుమ ఆదివారం ఉదయాలలో దూరదర్శన్‌లో వచ్చినది. 2020 లాక్‌డౌన్‌లో పునఃప్రసారమైనప్పుడు సాంతం చూశాను. ఆకాశంలో బాణాలు ఢీకొంటుంటే మనుమలు పకపకా నవ్వారు, నవ్వదగినవే. యుద్ధఘట్టాలు నేడు సహనపరీక్షలే.

అయితే, ధర్మజుడు ముందుగా ఎవరిని ఓడినాడని ద్రౌపది సభను నిలదీసేసరికి ఆ నవ్వు ఆగింది. హిందీ అంతంతమాత్రం వచ్చిన పిల్లలు! ఇదే ఘట్టం బడిలో పాఠం చెప్పిన రోజుల్లో ఇంతటి నిశ్శబ్దం నేనెరుగను. ఆ బలం రాహీ మాసూమ్ రజా సంభాషణలది. వైశంపాయనుడు జనమేజయునికి చెప్పిన కథను ఇక్కడ కాలమే చెబుతుంది. పండితులు కొందరికి అది రుచించలేదు. నాకు మాత్రం రెండవసారీ ఔచిత్యంగానే తోచింది.