పింఛను కాగితాల్లో భార్య సంతకం ఎక్కడ?

ఈమధ్య ఒక మండల కేంద్రంలో మహిళా సంఘాల సమావేశం ముగిశాక ఒకామె మా దగ్గరికి వచ్చి కూర్చుంది. "అక్కా, మా ఆయన మిలట్రీలో చేసి వచ్చాడు. పోయి ఏడాదిన్నరయింది. నాకు పింఛను రావట్లేదు" అంది. మర్నాడు వాళ్లింటికి వెళ్లాం. అటక మీద నుంచి ఒక రేకు ట్రంకు దించింది. భర్త బతికున్నన్నాళ్లూ దాని తాళం చెవి ఆయన మొలతాడుకే ఉండేదట. లోపల డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ పేమెంట్ ఆర్డరు, పాత బ్యాంకు పుస్తకాలు ఉన్నాయి. ఆర్డరులో భార్య పేరు లక్ష్మమ్మ అని ఉంది. ఆధార్ కార్డులో వెంకటలక్ష్మి అని ఉంది. పుట్టిన సంవత్సరం కూడా కలవలేదు. రెండో కూతురి పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఆమెకు పింఛను హక్కు లేదని ఎవరూ అనలేదు. ఆ లక్ష్మమ్మ ఈమేనని రుజువు చేసుకోమన్నారు, అంతే. "నేను నేనేనని ఎవరిచేత చెప్పించుకోవాలక్కా?" అని అడిగింది.

మిలటరీ కుటుంబాలంటే బాగా బతికే కుటుంబాలని మన సంస్థల్లో ఒక అభిప్రాయం ఉంది. క్యాంటీను సరుకులు, నెలనెలా పింఛను, వీళ్లకు మన అవసరం ఏముందిలే అనుకుంటాం. అందుకే ఈ ఆడవాళ్లు మన సర్వేల్లోకి రారు. కానీ శ్రీకాకుళం, విజయనగరం, ప్రకాశం జిల్లాల్లో జవానుల ఇళ్లు లేని మండలం అరుదు. పశ్చిమ గోదావరిలో ఒక ఊరికి మిలటరీ మాధవరం అన్న పేరే స్థిరపడింది. జవాను నలభై ఏళ్లు నిండకుండానే రిటైరై రావడం మామూలు. భార్యకు అప్పటికి ముప్పై, ముప్పై అయిదు. అంటే ఆ రోజు ఆయన పెట్టే సంతకాల మీద ఆమె ముందున్న నలభై ఏళ్లు ఆధారపడి ఉంటాయి.

మంచి మాట ముందు చెప్పుకోవాలి. మన దేశంలో కుటుంబ పింఛను భర్త దయాధర్మం కాదు. వద్దని రాసివ్వడానికి ఆయనకు వీల్లేదు, ఇంకొకరికి మళ్లించడానికీ వీల్లేదు. వయొలెట్ ఇసాక్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. చనిపోయిన రైల్వే ఉద్యోగి తన సోదరుడి పేర వీలునామా రాశాడు. కుటుంబ పింఛను ఉద్యోగి ఆస్తి కాదు, నిబంధనల ప్రకారం భార్యకు చెందేదాన్ని వీలునామాతో తప్పించలేరని కోర్టు చెప్పింది. అత్తింటివాళ్లు వీలునామా చూపించి భయపెట్టినప్పుడు మన కార్యకర్తలకు ఈ తీర్పు గుర్తుండాలి.

రిటైరైన జవాను చనిపోతే భార్యకు మొదట ఏడేళ్లపాటు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే తేదీ వరకు, ఏది ముందయితే అంతవరకు, చివరి జీతంలో 50 శాతం వస్తుంది. ఆ తర్వాత 30 శాతం. ఏడేళ్లు కాగానే పింఛను తగ్గితే బ్యాంకువాళ్లు మోసం చేశారని చాలామంది అనుకుంటారు. ఈ సంగతి వాళ్లకు ముందుగా చెప్పినవాళ్లు లేరు మరి.

ఇక భర్తకు ఎంపిక ఉన్నది ఎక్కడ? కమ్యుటేషన్ దగ్గర. సైన్యంలో పింఛనులో సగం దాకా అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. అమ్మిన భాగం పదిహేనేళ్ల తర్వాతే తిరిగి కలుస్తుంది. నలభై ఏళ్లవాడు నెలకు 10,000 రూపాయలు వదులుకుంటే చేతికి పది లక్షల పైచిలుకు వస్తుంది. పదిహేనేళ్లలో వదులుకునేది పద్దెనిమిది లక్షలు. ఇల్లు కట్టుకుంటే, పొలం కొంటే అది తెలివైన పనే కావచ్చు, కాదనను. భర్త చనిపోతే భార్యకు వచ్చే కుటుంబ పింఛను కమ్యుటేషన్ వల్ల తగ్గదు కూడా. కానీ ఆయన బతికున్న ఆ పదిహేనేళ్లూ సగం పింఛనుతో సంసారం ఈదేది ఎవరు? ఆ పది లక్షలు, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు, అన్నీ ఆయన ఖాతాలో పడతాయి. పొలం ఆయన పేరనో ఆయన తండ్రి పేరనో రిజిస్టరవుతుంది. ఆడబిడ్డ పెళ్లికి, తమ్ముడి వ్యాపారానికి, చిట్టీలకు, మందుకు ఖర్చయిన డబ్బుల కథలు మనకు తెలియనివి కావు. జాయింటు ఫోటోలో భర్త పక్కన నిలబడటానికి భార్య కావాలి. డబ్బు నిర్ణయానికి మాత్రం ఆమె సంతకం అక్కర్లేదు.

అమెరికాలో సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ 1972లో తెచ్చిన పథకం ప్రకారం రిటైరయ్యే సైనికుడు తన పింఛనులో కొంత, మామూలుగా 6.5 శాతం, కోయించుకుంటేనే తన తర్వాత భార్యకు 55 శాతం అందుతుంది. వద్దనుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, పిల్లల వరకే పరిమితం చేయవచ్చు. ఈ స్వేచ్ఛ ఎంతమంది వితంతువుల నోరు కొట్టిందో గాని, 1986 నుంచి ఒక నిబంధన తెచ్చారు. పూర్తి రక్షణ కంటే తక్కువ ఎంచుకోవాలంటే భార్య నోటరీ ముందు లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. విడాకులైన భార్యకు కూడా ఈ రక్షణ ఇవ్వమని కోర్టు ఆదేశిస్తే, భర్త మొరాయించినా, ఏడాదిలోగా ఆమే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ అన్నీ బాగున్నాయని కాదు. 55 ఏళ్లలోపు మళ్లీ పెళ్లి చేసుకుంటే అక్కడా పింఛను ఆగిపోతుంది.

మనకు వాళ్ల పథకం అక్కర్లేదు, మనదే నయం. కావలసింది ఆ సంతకం. కమ్యుటేషన్ దరఖాస్తు మీద భార్య సంతకం ఉండాలి. ఆమెకు అర్థమయ్యే భాషలో, వచ్చేదెంత, వదులుకునేదెంత అని రాసి ఉన్న కాగితం మీద ఉండాలి. భర్త బలవంతాన పెట్టించుకోడా అంటారు. పెట్టించుకుంటాడు. అయినా ఆ కాగితం ఒకసారి ఆమె చేతికి వస్తుంది కదా.

విడాకుల విషయంలో మన నిబంధనలు అన్యాయంగానే ఉన్నాయి. విడిగా బతుకుతున్న భార్యకు హక్కు పోదు. విడాకులైతే మాత్రం ఇరవై ఏళ్లు కంటోన్మెంట్ల వెంట తిరిగి కాపురం చేసినా కుటుంబ పింఛనులో పైసా రాదు. పిల్లల హక్కు మాత్రం మిగులుతుంది. కాబట్టి భర్త సైన్యంలో ఉన్నాడని తెలిస్తే, పరస్పర అంగీకార విడాకుల మీద సంతకం పెట్టే ముందే మన లాయర్లు ఈ లెక్క ఆమెకు చెప్పాలి.

పునర్వివాహం సంగతి చెబితే కొందరు నమ్మరు. శౌర్య పతకం పొందిన సైనికుడి వితంతువుకు వచ్చే భత్యం ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది. ఆ చేసుకునేవాడు మరిదో బావగారో అయితే ఆగేది కాదు! ఆమె ఆ ఇంటి సొత్తు, ఆ ఇల్లు దాటకపోతే డబ్బిస్తాం అని ప్రభుత్వమే కాగితం మీద రాసుకుందన్నమాట. ఆ షరతును 2017 నవంబరులో తీసేశారు. అదే సంవత్సరం కేంద్రం ఇంకో సడలింపు ఇచ్చింది. విడాకులు పొందిన కూతురు, తల్లిదండ్రుల్లో ఒకరు బతికుండగా కోర్టులో కేసు వేసి ఉంటే చాలు, తీర్పు తర్వాత వచ్చినా ఆదాయ పరిమితికి లోబడి కుటుంబ పింఛను అడగవచ్చు. పుట్టింటికి చేరిన కూతుళ్లు ఎంతమందికి ఇది తెలుసు?

2022లో వచ్చిన అగ్నిపథ్ గురించి ఒక్కమాట. నాలుగేళ్ల ఉద్యోగం, ఆ కాలంలో 48 లక్షల బీమా. ఆ తర్వాత రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది పాతిక శాతం లోపే. మిగిలినవాళ్లకు పింఛనూ లేదు, కుటుంబ పింఛనూ లేదు. పై వాదనంతా రేపటి జవాను భార్యకు వర్తించనే వర్తించదు.

సంస్థలుగా మనం చేయగలిగింది ఉంది. భర్తలు బతికుండగానే ఆ ట్రంకులు తెరిపించాలి. పేమెంట్ ఆర్డరులో, ఆధార్లో, బ్యాంకు పుస్తకంలో భార్య పేరు, పుట్టిన తేదీ ఒకటేనా? పిల్లలందరి పేర్లూ, ముఖ్యంగా వైకల్యం ఉన్న బిడ్డ పేరు, రికార్డు ఆఫీసుకు చేరాయా? పింఛను ఖాతా ఇద్దరి పేరా ఉందా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో ఆమెకు తెలుసా? చేరకపోతే దరఖాస్తు పెట్టాల్సింది ఆయనే. బతికున్నప్పుడు ఒక్క దరఖాస్తుతో అయ్యే పని, పోయాక అఫిడవిట్లు, సాక్షులు, ఏళ్ల తిరుగుడు అవుతుంది.

లక్ష్మమ్మా వెంకటలక్ష్మీ ఒక్కరేనని తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్టుతో ఆమె కాగితాలు మళ్లీ వెళ్లాయి. రెండో కూతురి పేరు ఇంకా ఎక్కలేదు. ట్రంకు తాళం చెవి ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది.