పిల్లలు కూరగాయలు తినరా? తప్పు పిల్లలది కాదు



పిల్లల వార్డులో మేము రోజూ వినే మాట ఒకటుంది. "సిస్టర్, మా పాప కూరగాయలు ముట్టదు. అన్నంలో ముక్క కనిపిస్తే ఏరి పక్కన పెట్టేస్తుంది." ఆ మాట చెప్పే తల్లి చేతిలోనే చిప్స్ ప్యాకెట్ ఉంటుంది. ఆ తల్లిని నిందించడానికి ఇది రాయడం లేదు. బిడ్డ ఏదో ఒకటి తింటే చాలన్నది ఆమె ఆరాటం. అయినా మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: తప్పు పిల్లలది కాదు. మనం వండే తీరులో, పెట్టే తీరులో ఉంది.

ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో ప్రతి 100 మందిలో 67 మందికి రక్తహీనత ఉంది. ఒకసారి మా వార్డుకు ఐదేళ్ల పాప వచ్చింది. అరచేతులు పాలిపోయి ఉన్నాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బడిలో కూర్చున్నచోటే నిద్ర. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.8 గ్రాములు. ఆ వయసుకు కనీసం 11.5 ఉండాలి. ఏం తింటుందని అడిగితే, మూడు పూటలా పెరుగన్నం, మధ్యలో బిస్కెట్లు అన్నారు. పెరుగు మంచిదే గాని అందులో ఇనుము దాదాపు లేదు.

"ముక్కు మూసి అయినా నాలుగు ముద్దలు పెట్టండి" అని మేమే తల్లులకు చెప్పిన రోజులున్నాయి. అది మా పొరపాటు. బలవంతంగా పెట్టిన కూర మీద పిల్లలకు అసహ్యం మిగిలిపోవచ్చు. ఆ పాప మాకు వేరే దారి చూపించింది. వాళ్ల నానమ్మ మంచం మీద కూర్చుని పచ్చి బఠానీలు ఒలుస్తుంటే తానూ చేయి కలిపింది. ఒలిచిన వాటిలో నాలుగు నోట్లో వేసుకుంది. మరునాడు అవే బఠానీలు అన్నంలో కనబడితే "ఇవి నేను ఒలిచినవే" అంటూ గిన్నె ఖాళీ చేసింది. అప్పటినుంచి ఇంటికి వెళ్లే ప్రతి తల్లికీ ఈ కూరగాయల అన్నం గురించి చెబుతున్నాం.

కావలసినవి (నలుగురికి): బియ్యం 2 గ్లాసులు, పెసరపప్పు అర గ్లాసు, క్యారెట్లు 2, బీన్స్ 10, బంగాళాదుంప 1, టమాటాలు 2, ఉల్లిపాయ 1, బఠానీలు గుప్పెడు, సన్నగా తరిగిన మునగాకు గుప్పెడు, చిన్న అల్లం ముక్క, అర చెంచా జీలకర్ర, చిటికెడు పసుపు, కొద్దిగా మిరియాల పొడి, నూనె 2 చెంచాలు, నెయ్యి 1 చెంచా, అయోడిన్ ఉప్పు, నిమ్మకాయ సగం.

చేసే విధానం: బియ్యం, పప్పు రెండుసార్లు మాత్రమే కడిగి 20 నిమిషాలు నానబెట్టండి. కూరగాయలను ముందు కడిగి, తర్వాత తరగండి. తరిగాక కడిగితే సత్తువ నీళ్లలో పోతుంది. ముక్కలు శనగగింజంత ఉండాలి. పెద్ద ముక్కనే పిల్లలు ఏరేస్తారు. కుక్కర్లో నూనె వేడిచేసి జీలకర్ర, ఉల్లి, అల్లం, టమాటా వేయించి, మిగిలిన ముక్కలు, మునగాకు వేసి రెండు నిమిషాలు కలపండి. బియ్యం, పప్పు, పసుపు, ఉప్పు, 5 గ్లాసుల నీళ్లు పోసి మూడు విజిల్స్ రానివ్వండి. చిన్న పిల్లలకైతే మెత్తగా ఉండేలా మరో గ్లాసు నీళ్లు పోయండి. దించాక నెయ్యి, మిరియాల పొడి వేసి, వడ్డించే ముందు నిమ్మరసం పిండండి.

దీనిలో ప్రతిదానికీ కారణం ఉంది. క్యారెట్, మునగాకులలోని విటమిన్ ఎ ఒంటికి పట్టాలంటే నూనె, నెయ్యి కావాలి. ఆకులో, పప్పులో ఉన్న ఇనుము ఒంటబట్టాలంటే నిమ్మరసం తోడు కావాలి. నిమ్మరసాన్ని ఉడికిస్తే ఆ గుణం తగ్గుతుంది కనుక చివర్లోనే పిండాలి. భోజనంతోపాటు టీ ఇస్తే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంజి వార్చకుండా వండుతాం కనుక బి విటమిన్లు కూడా పారపోవు. మూడు, నాలుగేళ్ల లోపు వారికి బఠానీలు మెదిపి పెట్టండి. వేరుశనగ, జీడిపప్పు పలుకులు అలాగే వేయకండి, గొంతుకు అడ్డుపడతాయి.

కొందరు కూరగాయలన్నీ మిక్సీలో రుబ్బి అన్నంలో దాచిపెడతారు. ఒక పూటకు పని జరుగుతుందేమో గాని, బిడ్డ క్యారెట్ తినడం నేర్చుకోదు. రంగు కనబడనివ్వండి. ఈ రోజు ఏ రంగులు వేద్దామో బిడ్డనే అడగండి. బఠానీలు ఒలవడం, కొత్తిమీర తుంచడం బిడ్డకు అప్పగించండి. మొదటిరోజు రెండు ముద్దలు తింటే చాలు. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది, పదిసార్లు పట్టవచ్చు. మూడోసారికే విసిగిపోయేది మనమే. ఇంకొక్క మాట: నాన్నగారు తన కంచంలో ముక్కలు ఏరి పక్కన పెడుతుంటే, బిడ్డ తినాలని ఆశించడం న్యాయం కాదు.

ఈ అన్నం మందుకు బదులు కాదని గుర్తుంచుకోండి. డాక్టర్ గారు రాసిన ఐరన్ సిరప్ మధ్యలో ఆపకండి. బడిలో, అంగన్‌వాడీలో ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పక వేయించండి. అయితే సిరప్ సీసా కొన్నాళ్లకు అయిపోతుంది. ఇంట్లో పొయ్యి రోజూ వెలుగుతూనే ఉంటుంది. బిడ్డ రక్తం నిలబడేది ఆ పొయ్యి దగ్గరే.

ఈ ఆదివారం మధ్యాహ్నం బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి వండి చూడండి. ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఎన్ని ముద్దలు తిన్నదో మాకు చెప్పండి.