ఎవరి మెట్టు పైది?

1970లలో నెదర్లాండ్స్‌లో చిన్న సరీనా వీగ్‌మన్ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని మగపిల్లల్లో కలిసి ఫుట్‌బాల్ ఆడింది. ఆడపిల్లలకి అనుమతి లేదు మరి. వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసింది, కోచ్ అయింది. 2017లో నెదర్లాండ్స్‌కి, 2022లోనూ 2025లోనూ ఇంగ్లండ్‌కి యూరో కప్పు తెచ్చిపెట్టింది. 2023 నాటికి ఇంగ్లండ్ పురుషుల జట్టు 1966 తర్వాత ఒక్క పెద్ద కప్పూ ముట్టుకోలేదు. అయినా ఆ ఏడాది పత్రికల చర్చేమిటి? ఈమె మగవాళ్ల జట్టుకి పనికొస్తుందా అని! (అదేదో పదోన్నతి అయినట్టు.) అదే ఏడాది మహిళల ప్రపంచకప్‌లో 32 జట్లకి స్త్రీ కోచ్‌లు 12 మందే. మిగతా మగవాళ్లని ‘ఆడవాళ్లకి నేర్పగలరా’ అని అడిగారా ఎవరైనా?

పిహెచ్‌డి ఇంటర్వ్యూలో ఒక ప్రొఫెసర్ గారు నన్నడిగారు: ‘స్త్రీల రచనలేనా, అసలు సాహిత్యం మీద చెయ్యరా?’ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.