జత్రుక విరిగితే ప్లేటు వేయవలసిందేనా?

పాఠ్యపుస్తకాల్లో జత్రుక, మన నోట కాలర్ బోన్. అది రెండు ముక్కలై, ఒకటి పైకీ ఒకటి కిందికీ తప్పుకున్న ఎక్స్‌రేను చూపించి, "ప్లేటు వేయకపోతే అతకదు" అంటే కాదనగల ధైర్యం ఇంటివారికి ఎక్కడిది? నా తగవు ఆ ఒక్క వాక్యంతోనే. అది నిజం కాదు.

1960లో నీర్ అనే అమెరికన్ వైద్యుడు, కోత లేకుండా చికిత్స పొందిన 2,235 మందిలో అతకనివి మూడేనని ప్రకటించాడు. ఆ లెక్కలో పసిపిల్లల ఎముకలూ, పెద్దగా జరగని విరుపులూ కలిసిపోయాయని శస్త్రచికిత్స పక్షంవారు ఆక్షేపిస్తారు. న్యాయమైన ఆక్షేపణే. అందుకని వారికి ప్రీతిపాత్రమైన 2007 నాటి కెనడా అధ్యయనాన్నే తీసుకుందాం. ముక్కలు పూర్తిగా తప్పుకున్న పెద్దవారిలో ప్లేటు వేసిన 62 మందికి గాను ఇద్దరికీ, చేతికి జోలె కట్టి వదిలిన 49 మందికి గాను ఏడుగురికీ అతకలేదు. మరి కొందరికి వంకరగా అతికి బాధపెట్టింది, అదీ దాచను. కాని 42 మందికి ప్లేటు లేకుండానే అతికింది కదా! "అతకదు" అన్న మాట ఇక ఎక్కడ నిలుస్తుంది?

2017లో బ్రిటన్‌వారు 301 మందితో చేసిన పరీక్షలో, తొమ్మిది నెలలకు అతకనివి ప్లేటు వర్గంలో 0.8 శాతం, జోలె వర్గంలో 11 శాతం. మొదటి మూడు నెలలూ ప్లేటువారి చేయి మెరుగ్గా పనిచేసింది. తొమ్మిది నెలలు గడిచేసరికి ఆ తేడా మాయమైంది. అంటే ఒక్కరిని కాపాడటానికి సుమారు పదిమందిని కోయాలి. కోత దిగువన చర్మం మొద్దుబారడం, పలచని చర్మం కింద లోహం సంచీ పట్టీకి ఒరుసుకోవడం, దాన్ని తీయించుకోవడానికి మళ్ళీ బల్ల ఎక్కడం, ఇవన్నీ ఆ పదిమందిలో ఎవరి పాలబడతాయో చెప్పలేం. అతకని ఆ ఒక్కరికి ఆలస్యంగానైనా ప్లేటు వేయవచ్చును.

ఎముక చర్మాన్ని చీల్చుకుని వచ్చినా, చీల్చేలా ఉన్నా, రక్తనాళమో నరమో దెబ్బతిన్నా వాదన అనవసరం, కోయవలసిందే. మూడు నెలలు కూలి పోతే పొయ్యి వెలగని హమాలీ ప్లేటే కోరుకుంటే అది వివేకమే. కాని అతడిని అడిగిందెవరు?

ప్లేటు వద్దన్నానని పుత్తూరు కట్టుకు బస్సెక్కమనడం లేదు. ఎవరు కట్టినా ఎక్కువగా అతికే ఎముక ఇది. కీర్తి మాత్రం కట్టినవాడికి దక్కుతుంది. వీపు మీదుగా ఎనిమిది అంకెలా బిగించే పాత పట్టీ కన్నా మామూలు జోలెతోనే ఇబ్బంది తక్కువనీ, అతకడంలో తేడా లేదనీ 1987లోనే పోల్చి చూశారు. పొగ తాగేవారికి అతకకపోయే ప్రమాదం ఎక్కువ. చుట్ట మానమని చెప్పడానికి ఖర్చేమీ లేదు, అయినా ఎందరు చెబుతున్నారు?

నా కోరిక చిన్నది. శస్త్రచికిత్సకు ముందు వేలిముద్రో సంతకమో వేయించుకునే ఆ కాగితం మీద 11 శాతం, 0.8 శాతం అన్న రెండంకెలూ, తొమ్మిది నెలల సంగతీ తెలుగులో అచ్చువేయండి. ఆ తరువాత ప్లేటే ఎంచుకుంటే నాకు పేచీ లేదు.