చెమ్మ గోడలు – సంక్రాంతి రంగులు

సంపాదకవర్యులకు,

సంక్రాంతికి ఇండ్లను ముస్తాబు చేసికొనుటను గూర్చి మీరు ప్రకటించిన వ్యాసమున, గోడపై చెమ్మ మరకలున్నచోట పుట్టీ పట్టించి పైన రెండు పూతలు గట్టి రంగు వేయించినచో మరక మాయమగునని యొక వాక్యము కలదు. తక్కిన వ్యాసము చక్కనిదే. కాని ఆ యొక్క వాక్యమును నమ్మి సముద్రతీరపు జిల్లాలలో ఎందరు గృహస్థులు ధనము వ్యర్థము చేసికొందురో యను బాధతో ఈ లేఖ వ్రాయుచున్నాను. చెమ్మ పట్టిన గోడకు పుష్యమాసమున రంగు వేయింపరాదని నా మనవి.

మన తీరమున అక్టోబరు, నవంబరులు తుఫానుల కాలము. డాబా పిట్టగోడల పగుళ్లనుండియు, ఆకులతో పూడిన తూములనుండియు, సన్‌షేడు గోడను కలియు సందులనుండియు దిగిన వాననీరు ఇటుకలలో ఇంకి నిలిచియుండును. గోడ అంగుళము మందము ఆరుటకు సుమారొక నెల పట్టునని నిర్మాణశాస్త్రము తెలిసినవారు స్థూలముగా లెక్క వేయుదురు. మన యెండలకు అది కొంత త్వరపడునను కొన్నను, కార్తికమున తడిసిన 9 అంగుళముల గోడ జనవరి 14వ తేదీ నాటికి లోపలి వరకు ఆరిపోవునని చెప్పుటకు వీలులేదు. సరిగా ఆ తడిమీదనే మనము రంగు పూయించుచున్నాము.

మన పెద్దలును పండుగకు ముందే వెల్ల వేయించిరి గదా, వారి గోడలకు లేని తెగులు మన గోడలకేల వచ్చెనని అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే అది. వారు వేయించినది సున్నము. తడి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల సున్నపురాయిగా గట్టిపడును గాని, దాని సూక్ష్మరంధ్రములు మూసికొనవు. కావున గోడలోని నీరు ఆవిరియై ఆ పూతగుండానే బయటికి పోయెడిది, కొంచెము ఉప్పు పొడిగా రాలినను మరుసటి యేటి వెల్ల దానిని సరిచేసెడిది. ఇప్పటి ఎమల్షను రంగు అట్టిది కాదు; అది పొరగా సాగి ఆవిరి దారిని ఇరుకుచేయును, ఎనామిలు రంగైనచో దాదాపుగా మూసివేయును. బయటపడజాలని నీరు పొరను వెనుకనుండి త్రోయగా పొక్కులు లేచును. ఆ నీటిలో కరగియున్న లవణములు పొర చాటున స్ఫటికములై పెరిగి పుట్టీని పిండిచేయగా పెచ్చులూడును. ఆచారమును అట్లే నిలుపుకొని, దానిని నిరపాయకరముగా ఉంచిన ద్రవ్యమును మాత్రము మార్చుటచేతనే ఈ నష్టము కలుగుచున్నది.

తీరమున మరియొక చిక్కు కలదు. ఉప్పునీటి బోర్లతో కట్టిన గోడలయందును, ఉప్పుటిసుకతో చేసిన ప్లాస్టరునందును సామాన్యలవణము మిగిలియుండును. గాలిలో తేమ నూటికి 75 పాళ్లు దాటినచో ఆ లవణము గాలినుండియే నీటిని లాగుకొని కరగును. వానకాలమున మా కాకినాడ వంటి ఊళ్లలో తేమ అంతకు మించుట నిత్యవిషయము. ఇట్టి గోడ ఎచ్చటను నీరు కారకున్నను తడిసియే యుండును; దానికి ప్లాస్టరు మార్చుట తప్ప గత్యంతరము లేదు.

కారణమును మరక చెప్పును. పైకప్పునుండి దిగిన గోధుమరంగు వలయములైనచో డాబామీద వెదకవలెను. స్నానాలగది వెనుక గోడ ఎండకాలమునను తడిగా ఉన్నచో గొట్టపు అతుకును చూపింపవలెను. నేలనుండి రెండు మూడడుగుల యెత్తున ఒకే వరుసగా తెల్లని ఉప్పు తేలినచో అది పునాదినుండి ఎక్కిన చెమ్మ. ఈ కడపటిదానికి మన పట్టణములలో వీధులే చాలవరకు కారణము. పాత రోడ్డును తవ్వకయే దానిపై కొత్తది పరచుచుండుటచే వీధి నానాటికి ఎత్తగును. వీధినీరు లోనికి రాకుండ గృహస్థు వాకిట మట్టి పోయించును. ఆ మట్టి, చెమ్మను ఆపుటకు పునాదిపై వేసిన కాంక్రీటు పట్టీని దాటి గోడను తాకును. ఆ మట్టిని పట్టీకి అరడుగు దిగువవరకు తీయించుట ఏ రంగుకన్నను మేలు, ఖర్చును స్వల్పము.

నీటి దారి మూసిన పిదప, చెడిన రంగును పుట్టీని గీకించి, ఉప్పు పట్టిన ప్లాస్టరును మరకకు ఒక యడుగు ఆవలివరకు ఇటుక కనబడునట్లు కొట్టించి, తేలిన ఉప్పును పొడి కుంచెతో దులిపింపవలెను. నీళ్లతో కడిగినచో అది కరగి మరల ఇటుకలోనికే పోవును. వేసవి గాలికి గోడను అట్లే ఆరనిచ్చి, మూరెడు పాలిథిన్ కాగితమును నాలుగంచుల టేపుతో అంటించి ఒక రేయింబవలు ఉంచి చూడవలెను: గోడవైపున నీటిబొట్లు పట్టినచో ఇంకను ఆరలేదు. ఆరిన పిమ్మట ఒక పాలు సున్నమునకు 3 పాళ్లు కడిగిన యేటి ఇసుకతో ప్లాస్టరు చేయించుట ఉత్తమము. ప్లాస్టరు గట్టిగానే యుండి గోధుమ మరక మాత్రమే మిగిలినచోట, నీటితో కలుపు రంగు ఆ మరకను కరగించి పైకి తెచ్చును గనుక, ముందుగా లక్క కలిసిన ప్రైమరు ఒక పూత అవసరము.

పండుగనాడు ఇల్లు మాసియుండవలెనా యని గృహిణులు కోపింతురేమో. అక్కరలేదు. తక్కిన గోడలకు ఇష్టమైన రంగు వేయించి, చెమ్మగోడకు రంగును పుట్టీని గీకించి పలుచని సున్నపు వెల్ల వేయించినచో శుభ్రతయు నిలుచును, గోడయు ఆరును. వైశాఖమున దాని పని పూర్తిచేసికొనవచ్చును. రంగుల మేస్త్రీలకు పని తప్పదు, నాలుగు నెలలు వెనుకకు జరుగును, అంతియే.

అద్దె యిండ్ల యజమానులకు ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. పాతవారు ఖాళీచేసి కొత్తవారు చేరు నడుమ, మరకపై ఒక పూత పూసి చూపుట మిక్కిలి అన్యాయము. తేమ, బూజు గల గదులలో నివసించువారికి ఉబ్బసము, శ్వాసకోశవ్యాధులు అధికమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకములలో స్పష్టముగా చెప్పినది. ఆ గదిలో పడుకొను పసిబిడ్డకు గోడ వెనుక ఏమున్నదో తెలియదు, యజమానికి తెలియును. చేరబోవువారికి మరకను దాచక చూపి, మరమ్మతు ఎప్పుడు చేయింతునో ఒడంబడికలో వ్రాసి యిచ్చుట న్యాయము.

పండుగకు ముందే ఈ లేఖను ప్రకటింపగోరుచున్నాను.

ఇట్లు,
భవదీయ పాఠకుడు,
కాకినాడ