నకిలీ అరెస్టు, నిజమైన అరెస్టు

‘డిజిటల్ అరెస్టు’ అనేది మన చట్టాలలో ఎక్కడా లేదు. అయినా వీడియో కాల్‌లో ఖాకీ చొక్కాతో ప్రత్యక్షమైన మోసగాడు ‘మీ పేరిట మాదకద్రవ్యాల పార్శిల్ దొరికింది, ఎవరికీ చెప్పకండి’ అని గద్దించగానే చదువుకున్న వృద్ధులు సైతం జీవితకాలపు పొదుపును ధారపోస్తున్నారు. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మోసాల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించవలసి వచ్చింది. మోసగాడి అసలు పెట్టుబడి పోలీసంటే జనానికున్న భయం. ముస్లిం కుటుంబాలలో ఆ భయానికి వేళ్లు మరింత లోతైనవి. 2007 మక్కా మసీదు పేలుడు తరువాత నిర్బంధానికి గురై, అనంతరం నిర్దోషులుగా బయటపడిన యువకులను హైదరాబాదు పాతబస్తీ మరచిపోలేదు. అలాంటి గడపలో ‘ఉగ్రవాద నిధులు’ అన్న ఒక్క మాట చాలు, ఎదురు ప్రశ్న వేసే ధైర్యం సన్నగిల్లడానికి.

నిజమైన అరెస్టుకు పద్ధతి ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్ ప్రకారం అధికారి పేరు స్పష్టంగా కనిపించాలి. అరెస్టు మెమో రాయాలి, దానిపై కుటుంబ సభ్యుడో స్థానిక పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి. 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇంట్లోవారికి సైతం చెప్పవద్దనే అరెస్టు అరెస్టే కాదు.

ఈ పాఠం మరో గడపకూ అవసరం. దోచిన సొమ్ము నేరుగా ముఠా నాయకుని చేతికి వెళ్లదు. కమీషన్ ఆశ చూపి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము పుచ్చుకున్న ఏ నిరుద్యోగి ఖాతాలోనో ముందుగా పడుతుంది. నాయకుడు ఏ కంబోడియాలోనో ఉంటాడు. ఖాతాదారుడు మన వీధిలో దొరుకుతాడు. వీరిలో తెలిసి చేసినవారూ ఉన్నారు, తెలియక చిక్కినవారూ ఉన్నారు. ఎవరు ఎవరో న్యాయవాది లేని విచారణలో తేలదు.

మోసగాళ్లకు వకీలెందుకు అనేవారు మన సంఘాలలోనూ ఉన్నారు. పోగొట్టుకున్నవారి కన్నీరు చూసినప్పుడు ఆ ఆగ్రహం మాకూ అర్థమవుతుంది, కాని దానితో మేము ఏకీభవించలేము. నిందితుల తరఫున ఎవరూ వాదించరాదని కోయంబత్తూరు న్యాయవాదుల సంఘం చేసిన తీర్మానం చెల్లదని 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు ప్రకటించింది. అక్కడ నిందితులు, విచిత్రంగా, పోలీసులే.

వాదించవలసిన అంశాలూ ఉన్నాయి. భారతీయ న్యాయ సంహితలో ప్రభుత్వోద్యోగిగా నటించినందుకు గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు, మారుపేరుతో మోసగించినందుకు 5 ఏళ్లు, మోసంతో సొత్తు రాబట్టినందుకు 7 ఏళ్లు. ఈ స్థాయి నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు చెబుతోంది. అయితే ‘వ్యవస్థీకృత నేరం’ అనే 111వ సెక్షన్ చేరితే బెయిలు కఠినమవుతుంది. ఆ సెక్షన్ నిలవాలంటే ముఠాపై గత పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు ఉండాలి. అవి ఉన్నాయా అని తొలి రిమాండు నాడే అడగాలి. నెల తరువాత అడిగితే ఆ నెల జైలులోనే గడిచిపోతుంది.

ఫీజు లేదని ఆగనక్కరలేదు. కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 న్యాయసేవల చట్టం ఉచిత న్యాయవాదిని ఇస్తుంది. దానికి 15100కు ఫోన్ చేయాలి. డబ్బు పోగొట్టుకున్నవారు చేయవలసినది 1930కి, అదీ వెంటనే. మసీదు కమిటీలు ఈ రెండు నంబర్లనూ నోటీసు బోర్డుపై పక్కపక్కనే రాయించాలని కోరుతున్నాము.