నిలబడితే ఆగిపోయే జీపు



గురజాల వైపు ఒక పల్లెనుండి ఒక రైతు సోదరుడు వ్రాసిన ఉత్తరం కొంతకాలంగా మా బల్లమీద ఉన్నది. వారి తండ్రిగారు కొన్న పాత పెట్రోలు జీపు ఇంకా వారింట్లో ఉందట. దారిలో పోతున్నంతసేపు చక్కగా పోతుంది. గేరు తీసి నిలబెట్టి, యాక్సిలరేటరు మీదనుండి కాలు తీయగానే రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. చూసిన మెకానిక్కు ఇంజను మొత్తం విప్పి పని చేయించాలన్నాడట. ఈ ఏటి మిరప డబ్బు దానికి పోయాలా, లేక నాన్న జ్ఞాపకమని చూడకుండా ఇనుప తూకానికి అమ్మేయాలా అని వారి ప్రశ్న.

సోదరా, ముందు ఇంజను విప్పనివ్వకండి. ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. ఇదే జబ్బుకు మేము తప్పుడు మందు వేసి, ఇంట్లో ఒక ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళం. అందుకని కొంచెం వివరంగానే వ్రాస్తున్నాము.

మహీంద్రా వారు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపు భాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టిన నాటినుండి, నాలుగు చక్రాలూ లాగే ఈ బండి మన పల్నాటి డొంకలకు సరిపోయింది. నాగులేరు దాటాలన్నా, వాన వెలిసిన మర్నాడు నల్లరేగడిలో పోవాలన్నా దీనిని నమ్ముకొన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. 108 అంబులెన్సు 2005లో వచ్చింది. దానికి ముందు అర్ధరాత్రి పురుటినొప్పులు వస్తే ఊళ్ళో జీపు ఎవరికుందా అని చూసేవారు. డీజిలు ధర చౌకని చాలామంది పాత పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను ఎక్కించుకొన్నారు. మేము ఎక్కించలేదు. మాది 1974 మోడలు, సీజే 3బి, హరికేన్ ఇంజను.

2003 వేసవిలో దానికి ఈ జబ్బు పట్టుకొంది. మొదట మేము పట్టించుకోలేదు. నిలబెట్టినప్పుడు కాలితో కొంచెం నొక్కి పట్టుకొంటే సరిపోయేది. ఒక రాత్రి పక్కింటి కోడలిని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోతుంటే రైలు గేటు వేసి ఉంది. రైలు వచ్చేదాకా కాలు నొక్కే ఉంచాము. గేటు తీశారు, గేరు వేయబోయే లోపల కాలు సడలింది, ఇంజను ఆగింది. బ్యాటరీ అప్పటికే నీరసంగా ఉంది. వెనక లారీ వాళ్ళు దిగి తోస్తే కదిలింది. ఆ అమ్మాయి మూలుగులు మాకు ఇప్పటికీ గుర్తే. దేవుని దయవల్ల తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు.

మర్నాడు పొద్దున్నే మేము స్క్రూ డ్రైవరు తీసుకొన్నాము. కార్బొరేటరు పక్కన స్లో స్క్రూ ఉంటుంది. దానిని రెండు చుట్లు బిగించాము. ఇంజను గట్టిగా తిరగసాగింది, ఆగడం మానింది. జబ్బు నయమైందని సంబరపడ్డాము. వారం తిరగకముందే మళ్ళీ తడబడింది, మళ్ళీ బిగించాము. ఇప్పుడు కాలు తీసినా బండి వేగం తగ్గడం లేదు, గేరు వేస్తే గరగరమంటోంది. అయినా ఆగడం లేదు గదా అనుకొన్నాము.

ఒక సాయంత్రం పెరట్లో జీపును వెనక్కు తీస్తున్నాము. వెనక గేరు వేసి క్లచ్చి వదలడమేమిటి, బండి ఒక్క దూకు దూకి చింతచెట్టు క్రింద ఉన్న నులకమంచాన్ని చెట్టుకేసి నొక్కింది. మంచంకోళ్ళు రెండూ విరిగాయి. అమ్మ అంతసేపూ ఆ మంచంమీదే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. దీపం పెట్టాలని లేచి లోపలికి వెళ్ళి ఒక నిమిషం కూడా కాలేదు. బ్రేకు ఆలస్యమైందని ఇంట్లో అందరూ అనుకొన్నారు. తప్పు బ్రేకుది కాదు, ఆ రెండు చుట్లది. నిలబడినప్పుడు నిమిషానికి 600 చుట్లు తిరగవలసిన ఇంజనును మేము రెట్టింపుకు దగ్గరగా తిప్పుతున్నాము.

ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు. తెల్లవారగానే పేటలో పాత జీపులు చూసే ఒక ముసలి మెకానిక్కు దగ్గరకు తీసుకుపోయాము. అందరూ ఆయనను సాయిబుగారనే పిలుస్తారు. ఆయన బానెట్టు ఎత్తకుండా ముందు మమ్మల్ని ప్రశ్నలు అడిగాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆగుతుందా, వేడెక్కాకనా? ఎత్తు ఎక్కేటప్పుడు లాగుతుందా? పొగ నల్లగా వస్తుందా, నీలంగానా? మేము అన్నిటికీ చెప్పాము. లాగుడు బాగుంది, నూనె తాగడం లేదు, నీలం పొగ లేదు.

"అయితే ఇంజనుకేం రోగం లేదు పంతులుగారూ. దొంగగాలి పోతోంది," అన్నాడు.

పాఠకులు ఈ దొంగగాలి సంగతి ఒకసారి అర్థం చేసుకొంటే మిగతాది సులువు. కొబ్బరిబోండంలో గొట్టం వేసి పీల్చేటప్పుడు గొట్టానికి పైన చిన్న పగులు ఉందనుకోండి. ఎంత పీల్చినా గాలే వస్తుంది, నీళ్ళు చాలా తక్కువ వస్తాయి. మనం యాక్సిలరేటరు మీదనుండి కాలు తీసినప్పుడు కార్బొరేటరులోని రేకు తలుపు దాదాపు మూసుకొంటుంది. ఇంజను మాత్రం పీలుస్తూనే ఉంటుంది. అప్పుడు పెట్రోలు పెద్ద జెట్టునుండి కాక, సన్నని రంధ్రమున్న స్లో జెట్టునుండి బొట్లు బొట్లుగా వస్తుంది. ఆ కాస్త పెట్రోలుకు సరిపడినంత గాలి మాత్రమే పోవాలి. ఎక్కడైనా వెంట్రుకంత సందు ఉండి ఇంకొంత గాలి దూరితే మిశ్రమం పలచబడి మంట ఆరిపోతుంది. దారిలో పోయేటప్పుడు తలుపు తెరిచి ఉంటుంది, గాలీ పెట్రోలూ దండిగా పోతాయి, ఆ చిన్న సందు లెక్కలోకి రాదు. అందుకే మీ బండి పోతున్నప్పుడు బాగుండి, నిలబడితే ఆగుతోంది.

సాయిబుగారు ఇంజను స్టార్టు చేయించి, నూనెడబ్బాతో కార్బొరేటరు అడుగున, అది ఇంజనుమీద కూర్చునే అంచు చుట్టూ చుక్క చుక్కగా ఇంజను ఆయిలు వేశాడు. మూడు పక్కల ఏమీ కాలేదు. నాలుగో పక్క వేయగానే నూనె లోపలికి పీల్చుకుపోయింది, ఇంజను చప్పుడు మారింది, రెండు క్షణాలు నిదానంగా తిరిగింది. ఆయన మావైపు చూసి నవ్వాడు. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. అది చేయకండి. వేడి సైలెన్సరు గొట్టం చేతికందే దూరంలోనే ఉంటుంది.

ఈ హరికేన్ ఇంజనులో ఒక విశేషముంది. గాలి లోపలికి తీసుకొనే దారి విడిగా బిగించినది కాదు, హెడ్డులోనే పోతపోసి ఉంటుంది. కార్బొరేటరు నేరుగా హెడ్డుమీద కూర్చుంటుంది. కనుక దొంగగాలి దూరడానికి అన్నిటికంటే మొదట అనుమానించవలసింది ఆ ఒక్క ప్యాకింగునే. మా బండికి ఎప్పుడో ఎవరో అట్టముక్క కత్తిరించి ప్యాకింగు వేశారు. అది కారుతుంటే నట్లు ఇంకా బిగించారు. బిగించిన కొద్దీ కార్బొరేటరు అడుగు అంచు వంగింది. సాయిబుగారు దానిని విప్పి, బల్లమీద అద్దం పరిచి, దానిమీద సన్న ఎమరీ కాగితం పెట్టి, అడుగును గుండ్రంగా అరగదీశాడు. అంచంతా ఒకే మెరుపు వచ్చేదాకా గంటసేపు ఆ పనే. తరువాత కొత్త ప్యాకింగు వేసి, రెండు పక్కల నట్లను మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించాడు.

అక్కడ దొరకకపోతే ఇంకా ఎక్కడ చూడాలి? రేకు తలుపు తిరిగే ఇరుసు అరిగిపోతే దాని చుట్టూ గాలి దూరుతుంది. చేత్తో అటూఇటూ కదిపితే లొడలొడలాడుతుంది, దానికి బుష్ వేయించాలి. గాలి పీల్పుతో నడిచే వైపరు ఉన్న పాత జీపుల్లో ఆ రబ్బరు గొట్టం చివికి ఉంటుంది. ఇంజను లోపలి ఆవిరిని మళ్ళీ పీల్పులోకి పంపే చిన్న వాల్వు మురికితో తెరుచుకొనే ఉండిపోతుంది. గొట్టాన్ని ఒకసారి వేళ్ళతో నొక్కి మూస్తే ఇంజను తీరు మారుతుందా అని చూస్తే తెలిసిపోతుంది.

ఇక పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు వాళ్ళకు ఇంకో మాట. ఆ సున్నపుదుమ్ములో తిరిగే బండికి గాలి ఫిల్టరు గిన్నెలోని నూనె తొందరగా బురదవుతుంది. గిన్నె కడిగి, కొత్త నూనె గీత వరకే పోయాలి. స్లో జెట్టులో నలుసు పడితే సూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. పంక్చరు షాపులో గాలి కొట్టించండి.

కార్బొరేటరు మీద చేయి వేసే ముందు పాయింట్లు, ప్లగ్గులు చూసుకోవడం మంచిది. పాయింట్ల సందు అర మిల్లీమీటరు, ప్లగ్గు సందు ముప్పాతిక మిల్లీమీటరు. ఇవి తప్పితే మంచి కార్బొరేటరు కూడా చెడ్డ పేరు తెచ్చుకొంటుంది.

సరిచేశాక స్క్రూలు ఎలా పెట్టాలో సాయిబుగారు మాచేతనే చేయించాడు. రెండు స్క్రూలుంటాయి. ఒకటి స్లో స్క్రూ, రేకు తలుపు ఎంత తెరుచుకోవాలో అది చెబుతుంది. రెండోదాన్ని మెకానిక్కులు ఎయిర్ స్క్రూ అంటారు గాని, స్లో జెట్టునుండి వచ్చే మిశ్రమం ఎంత పోవాలో కొలిచేది అదే. ఇంజను బాగా వేడెక్కాక దానిని మెల్లగా లోపలికి తిప్పి, తగిలీతగలగానే ఆపాలి. గట్టిగా బిగిస్తే సూదిమొన చెడిపోతుంది. అక్కడినుండి ఒకటిన్నర చుట్లు బయటకు తీసి, ఇంజను అన్నిటికంటే సాఫీగా తిరిగేచోట నిలపాలి. తరువాత స్లో స్క్రూ తగ్గించాలి. ఇక్కడ ఒక గురుతు పెట్టుకోండి. ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసినా ఇంజను ఆగకపోతే, మీ బండి స్లో జెట్టుమీద తిరగడం లేదన్నమాట. రేకు తలుపు తెరిచిపెట్టి, అసలు జబ్బును కప్పి నడిపిస్తున్నారు. మేము చేసింది అచ్చంగా అదే.

నిజంగా ఇంజనుకే జబ్బు ఉండే అవకాశం లేదా అంటే, ఉంది. నాలుగు ప్లగ్గుల వైర్లను ఒక్కొక్కటిగా, పొడిగుడ్డ చుట్టిన ప్లాస్టిక్కు పిడి పటకారుతో క్షణంసేపు తీసి చూడండి. ఏ వైరు తీసినా చప్పుడు పడిపోవాలి. ఒక దానికి ఏమీ తేడా రాకపోతే, ముందు ఆ ప్లగ్గు మార్చి చూసి, అప్పటికీ అంతే ఉంటే ఆ సిలిండరు పని చేయడం లేదు. ఈ ఇంజనుకు పొగ పోయే వాల్వులు క్రింద బ్లాకులో ఉంటాయి. ట్యాపెట్లు బిగుసుకొంటే ఆ వాల్వులు కాలిపోతాయి. అప్పుడు కంప్రెషను కొలిపించి, విప్పించే మాట ఆలోచించవచ్చు. ఈ పరీక్ష చేయకుండానే విప్పుదామనే వారి మాట మేమైతే వినము.

డీజిలు జీపుల వారు తమ సంగతి వ్రాయలేదని అనుకోవద్దు. వాటికి కార్బొరేటరు లేదు, ప్లగ్గు నిప్పు లేదు. నిలబడినప్పుడు చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటే, చాలాసార్లు ట్యాంకుకూ పంపుకూ మధ్య గొట్టంలో గాలి దూరుతోందని అర్థం. గొట్టాల దగ్గర రాగి వాషర్లు మార్చి, ఫిల్టరులో నీళ్ళు వదిలి, గాలి తీయించండి. సీలు వేసిన పంపు స్క్రూలను మాత్రం తిప్పకండి.

2003లో లేని చిక్కు ఒకటి ఇప్పుడు పెట్రోలు బండ్లకు వచ్చింది. పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపి అమ్మడం 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా మామూలైంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రం దానికి ఉబ్బి పొరలు పొరలుగా ఊడుతాయి. ఆ పొట్టే స్లో జెట్టుకు అడ్డుపడుతుంది. ఇథనాలులోనే ప్రాణవాయువు ఉంటుంది కనుక మిశ్రమం పలచబడుతుంది కూడా. అది తేమనూ పీల్చుకొంటుంది. ఇథనాలుకు తట్టుకొనే గొట్టాలు అడిగి వేయించుకోండి, ఎయిర్ స్క్రూ కొంచెం బయటకు తీయవలసి రావచ్చు, నెలల తరబడి కదలని బండిలో కార్బొరేటరు గిన్నె ఖాళీచేసి ఉంచండి. ఉత్తరం వ్రాసిన సోదరుని జీపు ఎక్కువగా పాకలోనే ఉంటుందట. ముందు గొట్టాలు, తరువాత ప్యాకింగు చూసుకొమ్మని వారికి మా సలహా.

చాలామంది అడుగుతారు, నెమ్మదిగా తిరగడానికి ఇంత పాటెందుకని. లో గేరు వేస్తే ఈ జీపు మామూలు కంటే దాదాపు రెండున్నర రెట్లు నెమ్మదిగా, బలంగా నడుస్తుంది. వాగులో రాళ్ళమధ్య కాలు పెట్టకుండా ఇంజనే దానిని నడిపించుకుపోవాలి. నడివాగులో ఆగినా ముప్పే, దూకినా ముప్పే.

ఆ రోజు సాయిబుగారు ప్యాకింగుకూ కూలికీ కలిపి తీసుకొన్నది మేము విరిగిన మంచం బాగుచేయించడానికి వడ్రంగికి ఇచ్చిన దానికంటే తక్కువ. అమ్మ ఉన్నంతకాలం ఆ మంచం పెరట్లోనే వేసుకొంది. చింతచెట్టు క్రింద కాదు, ఇంటిగోడ పక్కన. మేము జీపు తాళాలు చేతిలోకి తీసుకొంటే చాలు, చింతపండు చేట పట్టుకొని లేచి అరుగుమీదికి వచ్చేసేది.